తోడుముక్క

గొడవపడ్డ అక్కచెల్లెళ్ళు అదృష్టవంతులు. రాజీపడటానికి వాళ్ళకో దారి ఉంటుంది. నేనూ మా చిట్టీ ఎప్పుడూ గొడవపడలేదు. అమ్మ పోయాక తనకి ఫోన్ చేయడానికి నా దగ్గర విషయం లేకపోయింది, నాకు చేయడానికి తన దగ్గర తీరిక లేకపోయింది. మొదట్లో వారానికోసారి మాట్లాడుకునేవాళ్ళం, తర్వాత పుట్టినరోజులకి, ఆ తర్వాత పుట్టినరోజు దాటిపోయాక "అయ్యో, మర్చిపోయా" అనుకోవడానికి. చివరికి అదీ లేదు. ఒకే మంచం మీద కాళ్ళు తన్నుకుంటూ పడుకుని పెరిగినవాళ్ళం. తన ఇంటి తలుపు ఏ రంగో ఇప్పుడు నాకు తెలీదు.

అలాంటి చిట్టిని నా ఇంటికి రప్పించింది నా గర్భసంచిలో పుట్టిన గడ్డ. మాట కటువుగా ఉంటే ఉండనీండి. నన్ను మా ల్యాబ్‌లో బ్లేడక్క అంటారు. చేతిలో ఉన్న బ్లేడుని చూసి పెట్టారో, నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టారో నేనెప్పుడూ అడగలేదు.

ఆసుపత్రిలో అన్నిటికంటే కింది అంతస్తు మాది. పైన ఆపరేషన్లలో తీసిన ముక్కలన్నీ మా దగ్గరికి దిగుతాయి. ముక్కని మైనంలో పెట్టి దిమ్మ కట్టి, ఆ దిమ్మని మిషన్‌కి బిగించి, పలచటి పొరలు కోయడం నా పని. కోసిన పొర గోరువెచ్చని నీళ్ళ మీద పాలమీగడలా తేలుతుంది. గాజుపలక కిందనుంచి పోనిచ్చి దాన్ని ఎత్తుకోవాలి. గట్టిగా ఊపిరి వదిలినా ముడుచుకుపోతుంది. అందుకని ఆ నీళ్ళ దగ్గర నేను మాట్లాడను. మిగతా అన్నిచోట్లా మాట్లాడతాను.

ముక్కకి రంగు పరీక్ష చేసేటప్పుడు ఒక పద్ధతుంది. రోగి ముక్కని ఎప్పుడూ ఒంటరిగా పెట్టం. అదే పలక మీద, ఒక పక్కగా, ఇంకెవరిదో ముక్క పెడతాం. దాని ఫలితం మాకు ముందే తెలుసు. రంగు సరిగ్గా పనిచేసిందా లేదా అన్నది అది చూసి తెలుసుకుంటాం. పుస్తకాల్లో దాన్ని కంట్రోల్ అంటారు. మేం తోడుముక్క అంటాం. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ నేను ఉద్యోగంలో చేరేటప్పటికే ఉంది. తోడు లేని పలక తీసుకెళ్ళి ఇస్తే మా డాక్టరమ్మ మైక్రోస్కోపులో కన్ను కూడా పెట్టదు. "మళ్ళీ చేయండి" అని వెనక్కి నెడుతుంది.

నెలసరి ఆగి ఏళ్ళయిన మనిషికి మళ్ళీ రక్తం కనబడితే అదేమై ఉంటుందో మా ల్యాబ్ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పైన గైనకాలజిస్టు నా గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసింది. ముక్క కిందికి దిగింది, దాని వెనకాలే నేనూ మెట్లు దిగాను. "ఇవాళ ఒక్కరోజుకి ఇంకెవరైనా కోస్తారులే అక్కా" అన్నారు మావాళ్ళు. నా ముక్కని ఇంకెవరో మందంగా కోసి పాడుచేస్తే చూస్తూ ఊరుకుంటానా? నేనే కోశాను. పొర ముడత లేకుండా వచ్చింది.

క్యాన్సరే. తొందరగా దొరికింది, గర్భసంచి తీసేస్తే సరిపోవచ్చు అంది డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని. వయసులో నాకంటే చాలా చిన్నది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నేనే "ఫర్లేదులెండి" అన్నాను. ఇంటికెళ్ళి ఎవరికి చెప్పాలా అని ఫోన్‌లో పేర్లు పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాను. ప్లంబరు, గ్యాసు, లిఫ్టు రిపేరు, పంటి డాక్టరు. పెళ్ళి కాలేదు, చేసుకోలేదు, రెండూ నిజమే. ఒంటికాయ శొంఠికొమ్ములా బతకడం నాకు అలవాటే అనుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ప్లంబరుకైనా చెబుదామా అనిపించింది.

తర్వాతి పరీక్ష కాపలా ప్రోటీన్లది. కణం తన జన్యువుల్ని నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతుంటాయి. వాటిని పట్టుకుని దిద్దించే ప్రోటీన్లు కొన్నుంటాయి. అవి ఉన్నచోట పలక మీద గోధుమరంగు వస్తుంది, లేనిచోట ఉత్త నీలం. నా పలక ఆరగానే, డాక్టరమ్మ రాకముందే మైక్రోస్కోపు కింద పెట్టాను. తోడుముక్క చక్కగా గోధుమరంగులో ఉంది. నా ముక్కలో గడ్డ చుట్టూ ఉన్న మామూలు కణాలూ గోధుమరంగులోనే ఉన్నాయి. గడ్డ మాత్రం ఆ చివరినుంచి ఈ చివరిదాకా నీలం.

ఆ నీలం కనబడితే మా గదిలో ముందు వినబడే మాట "వంశం". మా అమ్మ పోయింది కూడా గర్భసంచి జబ్బుతోనే.

ఏమీ తెలియని మనిషి ఆ పలక చూస్తే రంగు బాగుందనేది. అన్నీ తెలిసిన డాక్టరమ్మ ఆగి ఇంకో పరీక్ష చేయించేది. మిడిమిడి జ్ఞానం ఉన్నదాన్ని కాబట్టి నేను పరిగెత్తాను. ఆ ప్రోటీన్ లేకపోవడానికి రెండు కారణాలుంటాయి. జన్యువు పుట్టుకతోనే చెడిపోయి ఉండొచ్చు, అప్పుడది వంశంలో నడుస్తుంది. లేదా జన్యువు బాగానే ఉండి, నడిమధ్యలో దాని నోరు మూతపడి ఉండొచ్చు, అప్పుడది ఆ మనిషితోనే సరి. ఎక్కువగా జరిగేది రెండోదే. కానీ ఆ తేడా తేల్చే పరీక్ష మా దగ్గర చేయరు, బయటికి పంపుతారు. బయటికి పోయేదాని గొడవ నాకెందుకని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. పలక మీద నీలం కనబడింది, నాకు అమ్మ కనబడింది, వరండాలోకి వెళ్ళి చిట్టికి ఫోన్ చేశాను.

"ఎవరండీ?" అంది. నా నంబరు తన ఫోన్‌లో లేదు.

"నేనే. అక్కని."

"అక్కా! ఏమైంది?"

"అమ్మకొచ్చిందే నాకూ వచ్చిందే చిట్టీ. మన రక్తంలోనే ఉన్నట్టుంది. నువ్వూ చూపించుకో, పిల్లకీ చెప్పు."

అవతల స్టవ్ ఆపిన చప్పుడైంది. తర్వాత "నేను వస్తున్నా" అంది. ఎప్పుడని అడిగే లోపే పెట్టేసింది.

సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "అప్పుడే చెప్పేశారా అక్కా? బయటి పరీక్ష ఉంది కదా, రక్తం కూడా చూడాలి కదా!" అప్పటికి చిట్టి రైలెక్కేసింది. దిగగానే ఆ మాటే చెప్పాను, ఇంకా పరీక్షలున్నాయి, ఖాయంగా ఏదీ తేలలేదు అని. వింటేగా! "అమ్మకొచ్చింది, నీకొచ్చింది, ఇంకా తేలేదేముంది?" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తన జుట్టు సగం తెల్లబడిందని అప్పుడు చూశాను.

చిట్టి వచ్చి నా ఇల్లు ఆక్రమించింది. నా బల్ల దగ్గర రెండు కుర్చీలుంటాయి. రెండోదాని మీద నేను పాత పత్రికలు పేర్చుకుంటాను. వచ్చిన రోజే అవన్నీ తీసి అటక మీద పడేసి, అందులో కూర్చుని, "ఇంట్లోకి ఎవరూ రాకుండా కాపలా పెట్టావా వీటిని?" అంది. నా కప్పులన్నీ బయటికి తీసి కడిగింది. ఆపరేషన్ అయ్యాక నన్ను పట్టుకుని నడిపించింది, నా వీపు తుడిచింది, దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోమంది. నవ్వొస్తే కూడా కుట్లు నొప్పి. అది తెలిసి కావాలని నవ్వించేది. చిన్నప్పుడు నేను తన పెన్సిళ్ళన్నీ బ్లేడుతో చెక్కి చెక్కి అరిగించేసేదాన్నట. "అప్పుడే అనుకున్నా, నువ్విలాంటి ఉద్యోగమే చేస్తావని" అంది.

మధ్యాహ్నాలు ఇద్దరం మంచం మీద పడుకుని అమ్మ గురించి మాట్లాడుకునేవాళ్ళం. అమ్మ చివరి రోజుల్లో నేనున్నాను, తను లేదు. ఆ మాట నేనెత్తలేదు, తనూ ఎత్తలేదు. అమ్మ ఏం తినేది, ఏమని పిలిచేది, ఎలా కోప్పడేది, ఇవన్నీ తను అడుగుతుంటే చెప్పాను. చెబుతుంటే తెలిసింది, ఇవన్నీ చెప్పడానికి లోకంలో నాకున్నది ఈ ఒక్క మనిషే అని.

తను కూడా గర్భసంచి తీయించేసుకోవాలని నిశ్చయించుకుంది. మా గైనకాలజిస్టు దగ్గరే అపాయింట్‌మెంట్ తీసుకుంది. "ఇక్కడే చేయించుకుంటా. అప్పుడు నువ్వు నన్ను చూద్దువుగాని. బాకీ తీరిపోతుంది" అంది నవ్వుతూ. మా మరిది ఫోన్ చేసి ఎప్పుడొస్తావంటే "మా అక్క దగ్గరున్నా" అని గట్టిగా చెప్పింది. ఆ మాట వినడానికి పక్కగదిలో నేను ఊపిరి బిగబట్టుకున్నాను.

అపాయింట్‌మెంట్‌కి ముందురోజు పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేసింది. చిట్టి వంటింట్లో గుడ్లు ఉడకబెడుతోంది. నేను బాల్కనీలోకి వెళ్ళాను.

"శుభవార్త అక్కా. రెండు పరీక్షలూ వచ్చేశాయి. మీ రక్తం శుభ్రంగా ఉంది. జన్యువులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు."

"మరి ఆ నీలం?"

"గడ్డలో ఆ జన్యువు మొదట్లో మిథైల్ ముద్రలు పడ్డాయి. అంటే చిన్న రసాయనం, గొళ్ళెంలా. లోపల కాపలా మనిషి క్షేమంగానే ఉన్నాడు, బయట గొళ్ళెం పడింది. కణం ఆ తలుపు తీయడం మానేసింది. అందుకే ప్రోటీన్ తయారు కాలేదు. వయసుతో పడే గొళ్ళెం ఇది, పుట్టుకతో వచ్చింది కాదు. మీ చెల్లెలికి గానీ, వాళ్ళమ్మాయికి గానీ దీంతో ఏ సంబంధం లేదు."

"మా అమ్మది?"

"అమ్మగారిది ఇప్పుడు తెలీదు. మీది మాత్రం మీదే."

మీది మాత్రం మీదే. ఆవిడ సంతోషంగా అన్న మాట అది. నాకు సంతోషం కలగలేదని చెబితే అబద్ధం. కలిగింది. ఆ వెనకే, వంటింట్లోంచి "అక్కా, గుడ్డు గట్టిగా ఉడకనా, మెత్తగానా?" అని వినబడింది, నా సంతోషం అక్కడే ఆగిపోయింది.

టీ తాగుతూ చెబుదామనుకున్నాను. టీ అయిపోయింది. నాకు చెప్పులు వదులయ్యాయని ఇద్దరం మెల్లగా నడుచుకుంటూ వీధి చివర దుకాణానికి వెళ్ళాం. నడిచేటప్పుడు చెబుదామనుకున్నాను. నేను తూలతానేమోనని తను నా మోచెయ్యి పట్టుకుంది. చెప్పులబ్బాయి "మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా?" అనడిగితే "ముక్కులు చూస్తే తెలీట్లా?" అంది చిట్టి. ఆ ముక్కు మీద ఒట్టు, ఆ రోజంతా నేను మింగలేక కక్కలేక చచ్చాను. రేపు అపాయింట్‌మెంట్ దగ్గర ఎలాగూ తెలుస్తుంది కదా, ఈ ఒక్కరోజూ ఉంచుకుంటాను అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అక్కర్లేని కోతకి తలొగ్గుతున్న చెల్లెలి భయాన్ని ఇంట్లో దాచుకోవడం ఏ రకం ప్రేమో నాకు తెలీదు.

సాయంత్రం చిట్టి స్నానానికి వెళ్ళింది. నా ఫోన్ మోగింది. చిట్టి కూతురు.

"పెద్దమ్మా, అమ్మ పక్కనుందా?"

"స్నానం చేస్తోందే. పిలవనా?"

"వద్దు వద్దు. నీతోనే చెప్పాలి. అమ్మతో నువ్వు చెప్పు, నాకు ధైర్యం లేదు." ముక్కు ఎగబీల్చింది. "మేం ఇద్దరం అనుకున్నాం పెద్దమ్మా. పిల్లలొద్దని."

"అదేం మాటే?"

"నాకుంటే వాళ్ళకీ ఇస్తాను కదా. తెలిసి తెలిసి ఎలా కంటాను?" ఏడుస్తోంది. "ఆయన సరేనన్నారు. నేనే... నాకే..."

ఆ పిల్ల పుట్టినప్పుడు ఎత్తుకున్నాను నేను. ఆ తర్వాత ఎత్తుకోవాల్సినన్ని సార్లు ఎత్తుకోలేదు.

"నోర్మూసుకుని నా మాట విను" అన్నాను. బ్లేడక్కకి ఓదార్చడం అంతకంటే రాదు. "నీకేం లేదు. మీ అమ్మకేం లేదు. మన వంశంలోనే లేదది. పరీక్షలు వచ్చాయి. అది నా ఒక్కదానిదే. వింటున్నావా? నా ఒక్కదానిదే. హాయిగా పిల్లల్ని కను."

అవతల ఏడుపు ఇంకా పెద్దదైంది, ఈసారి వేరే రకంగా. "నిజంగానా? ఎప్పుడొచ్చాయి పెద్దమ్మా?"

"పొద్దున."

తల తిప్పితే చిట్టి గుమ్మంలో నిలబడి ఉంది. తలకి తువ్వాలు చుట్టుకుని. చేత్తో తలుపు పట్టుకుంది. నేను ఫోన్ పెట్టేసేదాకా కదల్లేదు.

"పొద్దునొచ్చాయా?"

"ఊఁ."

"బాల్కనీలో మాట్లాడింది అదేనా?"

"అదే."

"మరి సాయంత్రం దాకా..."

"చెబితే నువ్వు వెళ్ళిపోతావని" అన్నాను. ఇంకేం చెప్పను, అదే నిజం.

చిట్టి రెండో కుర్చీలో కూలబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చింది. భయమంతా కరిగిపోతున్నట్టు, భుజాలు కదిలిపోయేలా, చాలాసేపు. పీడ విరగడైన ఏడుపు అది, నాకు తెలుసు. నేను లేచి వీపు నిమిరాను. తర్వాత మొహం తుడుచుకుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఎంతో మెత్తగా అంది:

"వెళ్ళకపోతే ఎలా అక్కా. నాకూ ఇల్లుంది కదా."

మర్నాడు అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుని, ఆ మర్నాడు వెళ్ళిపోయింది. నాకోసం సూప్ చేసి ఫ్రిజ్‌లో పెట్టింది. స్టేషన్‌కి రావద్దు, కుట్లు లాగుతాయి అంది. రాత్రి "చేరా" అని ఒక్క మాట మెసేజ్ పెట్టింది. పత్రికలు ఇంకా అటక మీదే ఉన్నాయి. కిందికి దించబుద్ధి కాలేదు.

నేను మళ్ళీ పనిలోకి వెళ్ళాను. మావాళ్ళు నా మిషన్ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదట, దుమ్ము పట్టి ఉంది. తుడిచి నూనె వేస్తుంటే డాక్టరమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఏదో అడగాలనీ, అడగలేకపోతోందనీ తెలుస్తూనే ఉంది.

"చెప్పండి, కొరకనులెండి" అన్నాను.

"ఆ కాపలా ప్రోటీన్ పరీక్షకి వాడే తోడుముక్క దిమ్మ అయిపోవచ్చింది అక్కా. మీ ఆపరేషన్‌లో తీసినదాంట్లో చాలా మిగిలింది. మీదాంట్లో గడ్డ ఖచ్చితమైన నీలం, చుట్టూ మంచి గోధుమరంగు. ఉన్నదీ లేనిదీ రెండూ ఒకే ముక్కలో. అంతకంటే మంచి తోడు దొరకదు. పేరుండదు, నంబరు కూడా మార్చేస్తాం. మీకిష్టం లేకపోతే..."

"కోసేది నేనే కదా?"

"మీరే."

"అయితే ఇంకేం."

దిమ్మ బిగించాను. పొరలు ఒకదాని వెనక ఒకటి నీళ్ళ మీదికి జారాయి. ఊపిరి బిగబట్టి ఒకదాన్ని పలక మీదికి ఎత్తుకున్నాను. పలక రెండో చివర ఎవరో ఒకావిడ ముక్క ఉంది. ఆవిడెవరో, ఆవిడకి ఎవరున్నారో, ఎవరికి ఫోన్ చేయాలా అని పేర్లు పైకీ కిందికీ జరుపుతూ ఎక్కడ కూర్చుందో నాకు తెలీదు. సాయంత్రానికి రంగు వచ్చింది. నాది నీలం నీలంగానే వచ్చింది, కాబట్టి ఆవిడ గోధుమరంగుని నమ్మొచ్చు. ఆవిడకి ఏ దిగులూ లేదు, కనీసం ఆ ఒక్క విషయంలో. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఈసారి ఫోన్‌లో పేర్లు వెతుక్కోలేదు.

చిట్టి మొదటి రింగుకే ఎత్తింది. "అక్కా! ఏమైంది? మళ్ళీ ఏమైనా వచ్చిందా? పరీక్ష మారిందా?"

"ఏం కాలేదే."

"మరి?"

"ఊరికే చేశాను."

అవతల తను గట్టిగా ఊపిరి వదలడం వినబడింది. వెనక గిన్నెల చప్పుడు, మా మరిది ఏదో అడగడం. "అక్కా, నీ పేరు కనబడితే నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. ఒట్టు. చేసేముందు ఏమీ కాలేదని ఒక మెసేజ్ పెట్టు. అప్పుడు చెయ్యి. సరేనా? స్టవ్ మీద పాలున్నాయి, పొంగిపోతాయి."

"సరే, చూసుకో" అన్నాను.

తను అన్నదాంట్లో తప్పేమీ లేదు. మంచి కబురుకి నేనెప్పుడైనా ఫోన్ చేశానా అని ఇంటిదాకా ఆలోచించుకుంటూ నడిచాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

మర్నాడు సాయంత్రం టీ పెట్టుకుని, బల్ల దగ్గర కూర్చుని, మెసేజ్ రాశాను: "ఏమీ కాలేదు. చేయనా?"

టీ చల్లారిపోయాక జవాబొచ్చింది. "ఆదివారం నేనే చేస్తాలే అక్కా."

ఆ రోజు సోమవారం. ఫోన్ రెండో కుర్చీలో పెట్టి, కప్పు కడుక్కోవడానికి లేచాను.